మీసాలాయనకి ముందు వరస

సెప్టెంబరు 2

మా సూదికి,

నీ ఫోనుకి మెసేజీ పెట్టమని మీ అమ్మ పోరుతోంది గానీ, ఆ గాజు పలక మీద నేను వేలు పెడితే ఒక అక్షరం బదులు మూడు పడతాయి. ఉద్యోగమంతా బడిపిల్లల చేత దస్తూరి దిద్దించినదాన్ని. నా ఉత్తరం నేనే చేత్తో రాసుకుంటాను. నువ్వూ కాగితం మీదే జవాబివ్వు, నీ అక్షరాలు ఎలా ఉన్నాయో చూస్తాను.

అసలు సంగతికి వస్తాను. మా కళాసంఘం అక్టోబరులో 'అందరికీ అందే కళ' అని ఒక ఉత్సవం చేస్తోంది. సైగల భాషకి గౌరవం, బధిరుల కళకి పట్టం, ఇలా చాలా అనుకున్నాం. కార్యదర్శిని కదా, మీటింగులో లేచి, "మా చెల్లెలి కూతురికి వినికిడి లోపం ఉన్నా చేతులతో నాటకాలు ఆడుతుంది, వాళ్ళకో బృందం కూడా ఉంది" అన్నాను. అధ్యక్షులవారి కళ్ళు చెమర్చాయి. ఆయనకి కళ్ళు తొందరగా చెమరుస్తాయిలే. ఆఫీసుకి కొత్త కుర్చీలు వచ్చినప్పుడూ చెమర్చాయి. అక్కడికక్కడే మీకు పెద్ద హాల్లో అరగంట ఇచ్చేశాం.

మీ ప్రదర్శనకి 'మౌన పుష్పాలు' అని నేనే పేరు పెట్టాను. ఎలా ఉంది? అందరూ తెల్లబట్టల్లో రండి. చివర్లో సమాజానికి కృతజ్ఞతలు చెప్పే ఘట్టం ఒకటి పెడితే నిండుగా ఉంటుందని అధ్యక్షులవారి అభిప్రాయం.

మా లిఫ్టు మళ్ళీ మొరాయించింది. నాలుగంతస్తులు ఎక్కి దిగేసరికి మోకాళ్ళు నన్ను పేరుపెట్టి తిడుతున్నాయి. నువ్వు వేళకి తింటున్నావా?

గుమ్మం వైపే చూస్తూ,
పెద్దమ్మ

సెప్టెంబరు 6

పెద్దమ్మా,

నీ ఉత్తరం షెడ్డుకి తెచ్చుకుని కుట్టుమిషను మీద పెట్టుకుని చదివాను. 'మౌన పుష్పాలు' దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు మండి పెడలు గట్టిగా తొక్కితే సూది విరిగింది. దాని పాపం నీదే.

మేం పువ్వులం కాదు. బస్సులకి సీట్లు కుట్టేవాళ్ళం. మా దగ్గర జిగురు వాసన తప్ప ఇంకో వాసన రాదు. దయచేసి మా చెవుల్లో పువ్వులు పెట్టొద్దు. మౌనం కూడా మాది కాదు. మేం రిహార్సలు చేస్తుంటే ఆ గోల భరించలేక పక్క షాపువాడు షట్టరు దించుకుంటాడు. 'వినికిడి లోపం' అని కూడా రాయకు. చెవిటివాళ్ళం అని రాయి. పొట్టి మాట, సిరా కలిసొస్తుంది. తెల్లబట్టలు లేవు. కృతజ్ఞతలు అసలే లేవు.

అయినా వస్తాం. ఎందుకొస్తామో చెప్తాను, జాగ్రత్తగా చదువు.

మా షెడ్డులో మీసాలాయన అని ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయనా చెవిటివాడే. మా భాషలో మీసం మెలేసి చూపిస్తే అదే ఆయన పేరు. పదిహేడేళ్ళు వచ్చేదాకా నేను ఇంట్లో అందరి పెదాలూ చూసి, సగం ఊహించి, సగం వదిలేసి బతికాను. ఇక్కడ పనిలో చేరాక ఆయనే నాకు సైగలు నేర్పాడు. నాకు మనసారా తిట్టడం వచ్చింది ఆయన వల్లే. మా నాటకాలన్నీ ఆయనే అల్లుతాడు. ఇప్పుడు ఆయన కళ్ళు పోతున్నాయి. బల్ల అవతలున్న చెయ్యి కనిపిస్తుంది, గది అవతలున్న చెయ్యి పొగలా ఉంటుందట. ఇక బాగుపడేది లేదన్నాడు డాక్టరు. మాలాంటివాడికి కళ్ళు పోతే ఏం మిగులుతుందో నీకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఆయన అల్లినవన్నీ ఈ షెడ్డులో, సగం కుట్టిన సీట్ల మధ్య ఆడినవే. ఒక్కటైనా అసలైన స్టేజీ మీద చూడాలని ఆయన కోరిక. కళ్ళు ఇంకా ఉండగానే చూడాలి.

నాటకం పేరు 'కౌంటరు'. నవ్వుల నాటకం. సంతకం ఎక్కడ పెట్టాలో అడగడానికి ఒక చెవిటామె ఆఫీసుకి వెళ్తుంది. గుమస్తా గట్టిగా చెప్తాడు. అర్థం కాలేదంటే ఇంకా గట్టిగా. పై అధికారి వచ్చి అంతకన్నా గట్టిగా. మైకు తెప్పిస్తారు. బ్యాండు తెప్పిస్తారు. చివరికి ఆ అరుపులకి భవనం కూలిపోతుంది. ఆ చెవిటామెని నేనే.

మాకు కావలసింది కొంచెమే. ముందు వరస చెవిటివాళ్ళకి, అందులో నడిమధ్య కుర్చీ మీసాలాయనకి. మా చేతుల మీద నిలకడగా ఉండే తెల్లటి వెలుతురు. వెనక ఏ బొమ్మా లేని నల్ల తెర. మా మాట మీవాళ్ళకి చెప్పడానికి మా దుబాసీ మైకు దగ్గర ఉంటాడు. మాతోనే కటింగు బల్ల దగ్గర పనిచేస్తాడు, అందుకే కత్తెర అంటాం. వాడికి వినిపిస్తుంది. అమ్మా నాన్నా చెవిటివాళ్ళు కాబట్టి మాటల కన్నా ముందు సైగలొచ్చాయి.

వేళకే తింటున్నాను. నువ్వు ఏదైనా మర్చిపోతే దాని కోసం మళ్ళీ కిందికి దిగకు.

సూది

సెప్టెంబరు 12

సూదీ,

దస్తూరి ఫర్వాలేదు. భాషలోనే కారం ఎక్కువైంది. ఈ పోలిక మీ నాన్నది, మా వైపుది కాదు.

వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ కార్యదర్శి మీటింగులో చదివి వినిపించాలని మా సంఘం నియమం. నీదీ చదివాను. అక్కడక్కడా కాస్త నునుపు చేశాననుకో. ఉన్నదున్నట్టు చదివితే పెద్దవాళ్ళు నొచ్చుకోరూ? 'మా చెవుల్లో పువ్వులు పెట్టొద్దు' అన్నచోట 'పువ్వులంటే మాకు ప్రాణం' అని చదివాను. అందరూ ఎంత మురిసిపోయారో! స్టేజీ ముందు ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడుమెత్తు పూలకుండీలు పెట్టాలని అప్పటికప్పుడే తీర్మానించేశారు.

నువ్వడిగినవన్నీ ఒప్పుకున్నారు, కొద్దిపాటి మెరుగులతో. చేతుల మీద వెలుతురు అన్నావు కదా, రంగురంగుల్లో గిరగిరా తిరిగే లైట్లు మాట్లాడాం. నల్ల తెర మరీ దిగులుగా ఉంటుందని, విరాళమిచ్చిన పంపుల కంపెనీవారి బ్యానరు కడుతున్నారు. అందులో పెద్ద జలపాతం ఉంది, చూస్తుంటే చల్లగా ఉంటుంది. దుబాసీ గురించి బెంగపెట్టుకోకు. అధ్యక్షులవారి అల్లుడు రెండు వారాల కోర్సు చేసి వచ్చాడు, సర్టిఫికెట్టుకి ఫ్రేము కూడా కట్టించుకున్నాడు. చేతులకి తెల్ల తొడుగులు వేసుకుని సైగలు చేస్తాడు, చూడముచ్చటగా ఉంటుంది.

ఇక కుర్చీలు. ముందు వరసలు ఎప్పుడూ అతిథులవే. అందుకని మీవాళ్ళకి బాల్కనీ మొత్తం ఇచ్చేశారు. "వాళ్ళకి ఎలాగూ వినిపించదు కదమ్మా, దూరమైతే మాత్రమేం?" అన్నారు అధ్యక్షులవారు. ఆలోచిస్తే అందులోనూ సబబు ఉందనిపించింది.

'మౌన పుష్పాలు' నీకు నచ్చనట్టుంది. 'నిశ్శబ్ద మొగ్గలు' అందామా?

ప్రేమతో,
పెద్దమ్మ

సెప్టెంబరు 15

పెద్దమ్మా,

మొగ్గలు వద్దు, ఆకులు వద్దు, తోట మొత్తం వద్దు.

మేం కళ్ళతో వింటాం. దూరమైతే మాత్రమేం అంటున్నాడా ఆయన? ఆయన్ని పాట కచేరీకి పిలిచి పక్కవీధిలో కుర్చీ వేసి కూర్చోబెట్టు, దూరమైతే ఏమవుతుందో తెలుస్తుంది. నడుమెత్తు కుండీల వెనక మేం ఆడితే జనానికి మా తలకాయలే కనిపిస్తాయి. తిరిగే లైట్లలో చెయ్యి సగం మాటకి ఎర్రగా ఉంటుంది, మిగతా సగానికి మాయమవుతుంది. జలపాతం ముందు సైగలు చేయడమంటే సంత మధ్యలో నిలబడి గుసగుసలాడినట్టు.

ఇంకో సంగతి. నిన్న టీ వేళకి మీసాలాయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఈమధ్య ఎంత దగ్గరగా కూర్చుంటాడంటే మోకాళ్ళు తగులుతాయి. "మీ పెద్దమ్మ ఏం రాసింది?" అన్నాడు. ఆయన ముఖం చూశాక నాకు చేతులు ఆడలేదు. "ముందు వరస ఖాయం" అనేశాను. మీసం దువ్వుకుని, "అయితే కొత్త చొక్కా కుట్టించుకుంటాను" అని లేచి వెళ్ళాడు.

కత్తెర ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఆయన అటు వెళ్ళగానే ఇటు వచ్చాడు.

"ఏమ్మా, దుబాసీ పని మొదలెట్టావా? సగం నువ్వు మింగి సగం వడ్డిస్తున్నావు!"

"పెద్దాయన కదరా. బాధపడతాడని."

"ఆహా, జాలి! చేతులు తిడితే నోరు తిట్టాలి. నోరు ఏడిస్తే చేతులు ఏడవాలి. మధ్యలో నా జాలి నా జేబులో ఉండాలి. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరు చెప్పిందంతా ఈ చేతులతోనే అమ్మకి చెప్పాను. ఒక్క ముక్క మింగలేదు. నీకేంటే పెద్ద కష్టం?"

వెళ్ళి మీసాలాయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బాల్కనీ అని. ఆయన, "అయితే చొక్కా వద్దులే" అన్నాడు. వెళ్ళి సీటు కుట్టుకున్నాడు.

కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. ముందు వరస. నడిమధ్య కుర్చీ. ఆయన కళ్ళు మసక. ఆయన చూడాలి. ఈ నాలుగు ముక్కలూ నునుపు చేయకుండా చదువు.

సూది

సెప్టెంబరు 21

సూదీ తల్లీ,

శుభవార్త! నువ్వు ఊహించినదానికన్నా గొప్పగా కుదిరింది.

మీ మీసాలాయన కళ్ళ సంగతి మీటింగులో చెప్పాను. అధ్యక్షులవారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "చెవులూ లేవు, కళ్ళూ పోతున్నాయి! ఇలాంటి మనిషి దొరకడం మన ఉత్సవం చేసుకున్న అదృష్టం" అంటూ జేబురుమాలు తీశారు. మిగతావాళ్ళూ తీశారు. నాకు లేకపోతే పక్కావిడది తీసుకున్నాను.

ముందు వరసేమిటి, ఏకంగా స్టేజీ మీదే కూర్చోబెడుతున్నాం! సింహాసనంలాంటి కుర్చీ అద్దెకి తెస్తున్నారు. ఉత్సవం మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా ఆయన అక్కడే, మీ వెనకాల, జలపాతం కింద, జనం వైపు తిరిగి కూర్చుంటారు. ఆయన మీద విడిగా ఒక లైటు. ఆయన చూడాలన్నావు కదా, ఇప్పుడు ఆయన్ని ఊరంతా చూస్తుంది. ఒడిలో పెట్టడానికి గాజు జ్ఞాపిక చేయిస్తున్నారు, బాగా బరువుగా ఉండేట్టు.

పోస్టర్లు కూడా అచ్చయ్యాయి. మీ ఫొటో మీద ఎవరో పెదాల దగ్గర వేలు పెట్టుకున్న బొమ్మ వేశారు, ముచ్చటగా ఉంది.

ఇప్పుడైనా ఒకసారి నవ్వవే.

పెద్దమ్మ

సెప్టెంబరు 23

పెద్దమ్మా,

మేం రావట్లేదు.

ఆయన చూడాలన్నాను. ఆయన్ని చూడమనలేదు. నాటకం అల్లినవాణ్ణి తీసుకెళ్ళి నాటకం వీపు వైపు కూర్చోబెడతారా? పైగా ఒడిలో బరువైన గాజు ముక్క! రెండు చేతులతో దాన్ని పట్టుకుంటే ఆయన మాట్లాడేది దేనితో? మనిషిని సింహాసనం ఎక్కించి నోట్లో గుడ్డ కుక్కినట్టు.

మీ అధ్యక్షుడికి చెవులు రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయి. వాటి మధ్యలోనే ఏమీ లేదు. కళ్ళు చెమర్చడం ఆపి ఒక్కసారి వాటితో చూస్తే బాగుపడతాడు. ఆయన ఏడుపుకి సరుకు అందించడానికి మేం పుట్టలేదు. అల్లుడి తొడుగులు పారేయొద్దు, గిన్నెలు తోమడానికి పనికొస్తాయి.

ఇక నువ్వు. చిన్నప్పుడు మీ ఇంట్లో అందరూ భోజనాల దగ్గర పగలబడి నవ్వుతుంటే, నీ చెయ్యి పట్టుకు లాగి ఏమైందని అడిగేదాన్ని. "ఏం లేదులే, తర్వాత చెప్తా" అనేదానివి. నీ పెదాల మీద నేను మొట్టమొదట చదవడం నేర్చుకున్న మాట అదే. ఆ 'తర్వాత' ఎప్పుడొస్తుందా అని కూర్చునేదాన్ని. ఇంకా రాలేదు. అప్పుడు వాళ్ళ మాట నాకు రాకుండా ఆపావు, ఇప్పుడు నా మాట వాళ్ళకి పోకుండా ఆపుతున్నావు. నీకు చెడ్డ బుద్ధి లేదని నాకు తెలుసు. అందుకే ఇంకా మండుతోంది.

ఈ ఉత్తరం చదువుతావో చింపుతావో నీ ఇష్టం. చదివితే మాత్రం కత్తెర చెప్పినట్టు చదువు.

సూది

అక్టోబరు 1

సూదికి,

జవాబు ఆలస్యమైంది. మొదట నీ మీద కోపం వచ్చింది. పెంచిన చేతుల్నే పొడుస్తుంది కాబట్టే దీనికి ఆ పేరు పెట్టాం అనుకున్నాను. మళ్ళీ మళ్ళీ చదువుకున్నాక కోపం ఎవరి మీదో తేలలేదు.

నిన్న మీటింగు. టీలు వచ్చాయి, బిస్కెట్లు వచ్చాయి. "వచ్చిన ఉత్తరాలు చదవండమ్మా" అన్నారు అధ్యక్షులవారు. లేచి చదివాను. 'మేం రావట్లేదు' నుంచి నీ సంతకం దాకా. 'వాటి మధ్యలోనే ఏమీ లేదు' అన్నచోట గొంతు వణికింది గానీ ఆగలేదు. గిన్నెలు తోమే మాట చదివినప్పుడు కోశాధికారికి టీ ముక్కులోంచి వచ్చింది. నా గురించి రాసిన ముక్కా చదివాను. అక్కడ మాత్రం ఒకసారి ఆగి మంచినీళ్ళు తాగాను.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు.

"ఉత్తరమండీ."

"ఇంతకు ముందు ఉత్తరాలు ఇలా లేవే?"

"అవీ ఇలాగే ఉన్నాయండీ. నేనే మరోలా చదివాను."

వాటినీ తీసి మొదట్నుంచీ చదివాను. ముందు వరస అని నువ్వు రాస్తే నేను 'ఎక్కడ కూర్చోబెట్టినా సర్దుకుంటారు' అని చదివిన సంగతి అప్పుడు బయటపడింది. నీకూ ఇప్పుడే తెలుస్తోంది. తిట్టాలనుకుంటే ఈ ఒక్కదానికి తిట్టు.

అధ్యక్షులవారు రాజీనామా అంటూ లేచారు. ఎవరూ ఆపలేదు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. అప్పుడూ ఆపలేదు. గొడుగు మర్చిపోయానంటూ తిరిగొచ్చి కూర్చున్నారు. ఆ రోజు వాన లేదు, ఆయన గొడుగు తేనూ లేదు.

చివరికి తేలింది ఇది. ముందు వరసలన్నీ మీవి, నడిమధ్య కుర్చీ మీసాలాయనది. సింహాసనం లేదు. మేమూ అతిథులూ బాల్కనీలో. కుండీలు వరండాలోకి పోతాయి. నల్ల తెర, నిలకడ లైటు, మీ నాటకానికి మైకు దగ్గర మీ కత్తెర. ఒక్కచోట ఓడిపోయాను. మొదటి ప్రసంగం అధ్యక్షులవారిదే, దానికి సైగలు అల్లుడే. తొందరగా ముగిస్తానని మాటిచ్చారు. సాయంత్రం హాలు ఇంకెవరికో ఇచ్చారు, వేళకి ఖాళీ చేయకపోతే మేనేజరు లైట్లు తీసేస్తాడు.

ఇక ఆ బాకీ. అన్నీ గుర్తులేవు, ఒకటి ఉంది. మీ పెదనాన్న కొత్త బూట్లు కొనుక్కుని, వేళ్ళు నొక్కేస్తున్నాయని వారమంతా కుంటుకుంటూ ఆఫీసుకి వెళ్ళారు. షాపువాడి మీదికి దెబ్బలాటకి పోతే, వాడు బూటు ముందుభాగంలోంచి కాగితం ఉండలు తీసి బల్ల మీద పెట్టాడట. అది ఆయన భోజనాల దగ్గర చెప్పారు. అందుకే నవ్వాం. ఈ మాత్రం దానికి తర్వాత చెప్తా అన్నానా!

రా. నువ్వు రాకపోతే ఆ ముందు వరసకి అర్థం లేదు.

పెద్దమ్మ

అక్టోబరు 4

పెద్దమ్మా,

వస్తున్నాం.

బూట్ల కథ షెడ్డులో చేసి చూపించాను. పెదనాన్న కుంటుడు, షాపువాడి ముఖం, కాగితం ఉండలు ఒక్కొక్కటే బయటికి రావడం. మీసాలాయన నవ్వి నవ్వి రెగ్జిను చుట్ట మీద పడ్డాడు. కథ బాగుంది, ఇరవయ్యేళ్ళు దాచుకోవాల్సింది కాదు అన్నాడు. చొక్కా గుడ్డ కొన్నాడు. నీలం రంగు.

నిన్ను తిట్టను. నువ్వు గొంతు వణుకుతూ చదివావని రాశావు చూడు, అది చదివాక కత్తెర, "మీ పెద్దమ్మ దుబాసీ ఉద్యోగంలో చేరతానంటే నేను నేర్పుతా" అన్నాడు. వాడు అంతకన్నా పొగడగా నేనెప్పుడూ చూడలేదు.

మీ అధ్యక్షుడి స్పీచి గురించే నాకు భయం. ఆయన సమయం తింటే మా నాటకం పోతుంది. మా నాటకం పోతే ఇంకో ఏడాదికి మీసాలాయన కళ్ళు ఉండవు. కాస్త చూసుకో.

సూది

అక్టోబరు 17

సూదీ,

ఉత్సవం రోజు నీతో ఒక్క మాటైనా మాట్లాడలేకపోయాను. హాలు మేనేజరు అందర్నీ గొర్రెల్లా తోలేశాడు. ఈ మోకాళ్ళతో బాల్కనీ దిగి వచ్చేసరికి మీ బస్సు వెళ్ళిపోయింది. అందుకే నా వైపు నుంచి జరిగింది రాస్తున్నాను.

ప్రసంగం వేళ నేను స్టేజీ పక్కన కత్తెర దగ్గర నిలబడి ఉన్నాను. అధ్యక్షులవారు "ప్రియ మిత్రులారా" అన్నారు. పక్కన అల్లుడు తెల్ల తొడుగులు ఆడించాడు. మీ వరసలన్నీ గొల్లున నవ్వాయి. ఆయన ముఖం వెలిగిపోయింది. తన మాటలకి అంత నవ్వు ఆయన జన్మలో చూసి ఉండరు. ఇంకో మాట, ఇంకో నవ్వు. మీవాళ్ళు చేతులు పైకెత్తి ఆడించారు, అది మీ చప్పట్లని నాకు తెలుసు. ఆయనకి తెలియక తనూ చెయ్యి ఊపారు. రాసుకొచ్చిన కాగితం అయిపోయింది, జేబులోంచి ఇంకోటి తీశారు. గుమ్మం దగ్గర మేనేజరు గడియారం చూపిస్తున్నాడు.

"ఎందుకురా అంత నవ్వుతున్నారు?" అని కత్తెరని అడిగాను.

"ఏం చెప్పమంటారు పెద్దమ్మగారూ. అల్లుడుగారి చేతులు ఏమంటున్నాయో ఆయనకే తెలియదు."

"నీకు తెలుసు కదా. చేతులు చెప్పింది నోరు చెప్పాలని నువ్వే అన్నావట." నా చేతిలో ఉన్న రెండో మైకు వాడి చేతిలో పెట్టాను. "కానివ్వు."

వాడు గొంతు సవరించుకున్నాడు. అధ్యక్షులవారు "మన సంఘం మహావృక్షంలా ఎదిగింది" అన్నారు. కత్తెర గొంతు హాలంతా మోగింది. "మన సంఘానికి దురద ఎక్కింది." ఆయన ఉలిక్కిపడి, "మీ అందరికీ నా గుండెలో చోటుంది" అన్నారు. "మీ అందరినీ నా బస్సు మింగింది." "ఎవరది?" అని ఆయన అరిచారు. అల్లుడి చేతులు మాత్రం ఆగలేదు, పాపం, నిజాయితీపరుడు. దాన్నీ సైగ చేశాడు, కత్తెర దాన్నీ పలికాడు. "మా మామగారిని ఉప్పులో ఊరబెట్టాం." బాల్కనీ విరగబడి నవ్వింది. కిందివాళ్ళూ పైవాళ్ళూ ఒకేసారి నవ్వడం ఆ హాల్లో అదే మొదలై ఉంటుంది. అధ్యక్షులవారు రెండో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. కళ్ళు చెమర్చాయి, ఈసారి నిజంగానే.

(అల్లుడు మర్నాడు మా ఇంటికొచ్చాడు. కత్తెర దగ్గర మొదటినుంచీ నేర్చుకోవాలట. తొడుగులు లేకుండానే వచ్చాడు.)

మీ నాటకం నేను బాల్కనీలోంచి చూశాను. భవనం కూలినప్పుడు నా కుర్చీ పట్టుకున్నాను. అందరూ చేతులు ఆడిస్తుంటే హాలు మొత్తం గాలికి ఊగినట్టుంది. నేనూ ఆడించాను.

కానీ సూదీ, ఒక్కటి నన్ను తినేస్తోంది. పైనుంచి నాకు మీసాలాయన వీపు కనిపిస్తోంది, నీలం చొక్కా. చుట్టూ అందరూ నవ్వుతుంటే ఆయన కదల్లేదు. నాటకం అయ్యాక అందరి చేతులూ లేచాయి, ఆయన చేతులు లేవలేదు. ఒడిలో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. అంత దగ్గరగా ఉన్నా కనిపించలేదా? నేను ఉత్తరాలు నునుపు చేస్తూ కూర్చున్న ఆ వారాల్లోనే ఆయన కళ్ళు పోయాయా?

ఉన్నది ఉన్నట్టు రాయి.

పెద్దమ్మ

అక్టోబరు 20

పెద్దమ్మా,

ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

బస్సులో ఆయన ఒక్క సైగ చేయలేదు. కిటికీ పక్కన కూర్చుని చేతులు కట్టుకున్నాడు. అందరం గంతులేస్తున్నాం, ఆయన్ని చూసి ఒక్కొక్కళ్ళం తగ్గాం. నీకొచ్చిన అనుమానమే నాకూ వచ్చింది. కత్తెర నా వైపు చూసి, "అడుగు" అన్నాడు. నేను అడగలేదు. నాకు ధైర్యం చాలలేదు, రాసుకో.

మర్నాడు పొద్దున షెడ్డు తెరవగానే వచ్చాడు. స్టూలు లాక్కుని, మోకాళ్ళు తగిలేట్టు నా ఎదురుగా కూర్చున్నాడు. మిషను ఆపమన్నాడు. ఆపాను.

"కౌంటరు దగ్గరికి రెండోసారి వచ్చినప్పుడు ఏం చేశావు?" అన్నాడు.

"సంతకం కోసం పెన్ను తీశాను."

"తర్వాత?"

"మూత తీశాను."

"మూత ఎక్కడ పెట్టావు?"

నేను నా వేళ్ళ వంక చూసుకున్నాను.

"పెన్ను వెనక తగిలించలేదు. బల్ల మీద పెట్టలేదు. వేళ్ళ మధ్య పట్టుకున్నదాన్ని గాల్లో వదిలేశావు! ఆ తర్వాత అదే చేత్తో నుదురు కొట్టుకున్నావు. ఆ మూత ఏమైనట్టు? మింగావా? పెద్ద హాలు, పెద్ద లైటు, ఇంతమంది జనం, మూత ఎక్కడుందో తెలియని మనిషి సంతకం చేస్తుందట! నేను నీకు నేర్పింది ఇదా? అక్కడినుంచి ఆఖరిదాకా ఆ మూత ఎక్కడ పడిందా అని పిడికిళ్ళు బిగించుకు కూర్చున్నాను. చప్పట్లు కొట్టాలట, చప్పట్లు!"

షెడ్డంతా చుట్టూ మూగింది. ఎవరూ పని చేయలేదు. ఇంకా తిట్టాడు. గుమస్తా భుజం గురించి, బ్యాండువాడి డోలు పట్టీ గురించి, కూలిన గోడ కింద నా కాలు ఏ వైపు మడతపడిందో దాని గురించి. ఒక్కటీ వదల్లేదు.

పెద్దమ్మా, స్టేజీ మీద పెన్ను లేదు. మూతా లేదు. ఉత్త గాలి. నేను వేలి కొసలతో పట్టుకున్నట్టు నటించిన, గోరంత కూడా లేని దాన్ని ఆయన చూశాడు. అది ఎక్కడ పడిందో నాకు తెలియదు, ఆయనకి తెలుసు.

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. "ఏమిటా ముఖం? లే, మళ్ళీ చెయ్" అన్నాడు. లేచి, సీట్ల మధ్యలో నిలబడి, కౌంటరు దగ్గరికి నడిచి, పెన్ను తీసి, మూత తీసి, చొక్కా జేబులో వేసుకుని, పైనుంచి ఒకసారి తట్టాను.

ఆయన తల ఊపాడు.

ఆ మూత ఇంకా నా జేబులోనే ఉంది.

సూది